తెల్ల మూత పెట్టిన మాయ

హలో… అక్కా. ఆ, నేనే. కాన్పుల వార్డు వరండాలోంచి.

…

లేదు, ఇవాళ కాన్పుల్లో కొత్త మాయలేం రాలేదు. పాతదాని గురించే. పదకొండో నంబరు డబ్బా.

…

తెలీనట్టు అడక్కు. ఇప్పుడే మన ల్యాబ్ ఫ్రీజర్లో చూసొచ్చా. తెల్ల మూత పెట్టి ఉంది! తెల్ల మూతంటే మంచి మాయ, ఎర్ర మూతంటే బీపీ వచ్చినవాళ్ళ మాయ. నేర్పింది నువ్వే కదా?

— పొరపాటా? ఛీ! మూత మారిందనే అనుకుందాం. రిజిస్టర్లో వైట్‌నర్ పూసి 'ఆరోగ్యం' అని రాసిందెవరు? నీ చేతిరాత నాకు తెలీదా?

…

మన ల్యాబ్ సార్ చెప్తే రాశావా? సార్ గడ్డి తినమంటే తింటావా?

ఆ మాయని కాన్పు గదిలోంచి తెచ్చింది నేను. ఇంతే ఉంది, అరచేతిలో పట్టేంత. నిండా గట్టి మచ్చలు. తల్లికి బీపీ పెరిగి ఫిట్స్, ఏడో నెలకే బిడ్డ పోయింది. అది ఆరోగ్యమా? చేతులెలా వచ్చాయే నీకు!

…

తెలుసులే. మాయ కణాలు గర్భసంచి రక్తనాళాల్లోకి చొచ్చుకుపోవాలంటే ఒక జన్యువు పనిచెయ్యాలి. బీపీ వాళ్ళలో అది పనిచెయ్యదని సార్ సిద్ధాంతం. బీపీ వచ్చినా ఈ డబ్బా తల్లిలో నిక్షేపంగా పనిచేస్తోంది. అయితే? సార్ పట్టిన కుందేలుకి మూడే కాళ్ళని, నాలుగో కాలు మీరు నరికేస్తారా? థూ!

— ఒక్క డబ్బాతో ఏమవుతుందా? విను. ఆమె మళ్ళీ కడుపుతో ఉంది. నాలుగో నెల. ఇవాళ ఆ జన్యువు చూసే మన కొత్త రక్తపరీక్ష చేశారు. జన్యువు బాగుందట, అందుకని 'భయం లేదు, నెలన్నర తర్వాత రా' అని చీటీ రాసిచ్చారు. ఈ అబద్ధం మీద నిలబెట్టిన పరీక్షే, అక్కా!

…

ఏడవకు. అసహ్యంగా ఉంది.

గేటు దాకా వెళ్ళినామెని వెనక్కి పిలిచి బెంచీ మీద కూర్చోబెట్టా. 'పోయినసారి నా మాయలో ఏం తేలింది తల్లీ' అని అడుగుతోంది. నేనేం చెప్పను? రాసింది నువ్వు. నువ్వే చెప్పు.

— వద్దంటే ఎలా? ఇదిగో, ఆమె దగ్గరికే వస్తున్నా… తీసుకోండమ్మా. మా ల్యాబ్ అక్క. మీ మాయ చూసినావిడే.

…

ఏంటమ్మా? ఏం వినబడట్లేదా? ఇటివ్వండి.

హలో… అక్కా?

…

పెట్టేసిందమ్మా. లేవండి, ఆ చీటీ నాకివ్వండి. డాక్టరమ్మ వెళ్ళిపోకముందే మీ పోయినసారి మాయ సంగతి నేనే చెప్తా.