చుక్క పెట్టుకొచ్చిన దొంగ

"నేను గొప్పలు చెప్పుకునే మనిషిని కాను, ఆ సంగతి మీ అందరికీ తెలుసు," అన్నాడు కమాండరు, బెంచీ మీద ఇంకాస్త విశాలంగా సర్దుకుంటూ.

టీ కొట్టాయన పాలు దించుతున్నవాడల్లా తలెత్తకుండానే ఇంకో గిన్నె పొయ్యి మీద పెట్టాడు. ఈ మాటతో మొదలైన కథ ఒక టీతో తెమలదని ఆయనకి అనుభవం.

కమాండరంటే సైన్యంలో పనిచేసినవాడేం కాదు. టైర్ల షాపు పైన, రెండో అంతస్తులో, కంప్యూటర్లని దొంగల బారిన పడకుండా కాపాడడం నేర్పే క్లాసు ఒకటి ఉంది. యాభై దాటాక ఈయన అందులో చేరాడు. మౌసు ముట్టుకోకుండా, నల్ల తెర మీద చిన్నచిన్న మాటలు కొట్టి మెషిన్ చేత పని చేయించడం అక్కడ మొదటి పాఠం. ఆ మాటల్ని కమాండ్లంటారు. మూడో రోజుకే ఈయన కిందికి దిగొచ్చి కొట్టు దగ్గర కమాండ్ల మీద ఉపన్యాసాలు మొదలెట్టేసరికి, ప్లంబరు ఒళ్లు మండి ఆ పేరు పెట్టాడు. ఈయన నొచ్చుకోలేదు సరికదా, మర్నాటి నుంచి ఆ పేరుకే పలికాడు.

బెంచీకి ఆ చివర మందుల షాపావిడ కూర్చుంది. ఆవిడదీ అదే క్లాసు. పన్నెండేళ్లు కౌంటర్ దగ్గర నిలబడీ నిలబడీ మోకాళ్లు అరిగాయి. ఆసుపత్రి కంప్యూటర్ల గదిలో కూర్చుని చేసే ఉద్యోగమొకటి ఖాళీగా ఉందని తెలిసి చేరింది. సోమవారం పరీక్ష. మెషిన్లో ఉన్న నోట్సు తెరిచి చూసుకుంటూ రాయొచ్చు, కాగితాలు మాత్రం తేకూడదు. ఆ నోట్సే ఈ పొద్దున లేవు. ఎనిమిదిమంది ఆరు వారాల పాటు ఒక్క ఫోల్డర్లో రాసిపెట్టుకున్నవి, ఫోల్డరుతో సహా మాయం. నల్ల తెర మీద తీసేసింది చెత్తబుట్టలోకి కూడా పోదు, పోతే పోయినట్టే. "కాపీ ఏమన్నా ఉందా మాస్టారూ?" అని అడిగితే ఆయన కాసేపు కిటికీలోంచి బయటికి చూసి, "కాపీలు తీయడం వచ్చే వారం పాఠమమ్మా," అన్నాడు.

ఎలా పోయాయో ఆవిడకి మధ్యాహ్నమే తెలిసింది. ఎవరికీ చెప్పలేదు. చేసినవాళ్లంతట వాళ్లే చెబుతారేమోనని, టీ వంక పెట్టుకుని కిందికి వచ్చి కూర్చుంది.

"నిన్న మధ్యాహ్నం," అని ఎత్తుకున్నాడు కమాండరు, "అందరూ టీకి దిగారు. నేనొక్కణ్ణే పైన. మాస్టారు చెప్పినవి ఒకసారి తిరగేద్దామని కూర్చున్నాను. ముందుగా పి డబ్ల్యు డి కొట్టాను. అంటే ఏంటి? 'అయ్యా, నేనిప్పుడు ఎక్కడున్నాను?' అని మెషిన్‌ని అడగడం. ఎంత చదువుకున్నవాడైనా ముందు అది అడగాలి. చీకటి గదిలోకి అడుగుపెట్టగానే గోడ తడుముకోమూ? అదన్నమాట. చెప్పింది. తర్వాత ఎల్ ఎస్ కొట్టాను. గదిలో ఏమేం ఉన్నాయో జాబితా వస్తుంది. అంతా మామూలే. కానీ నాకెందుకో ఒంట్లో ఏదోలా అనిపించింది. తెర మీద ఆ చిన్న గీత మినుకుమినుకుమంటుంది చూడండి, అది ఒక్క రెప్పపాటు ఆలస్యంగా మినుకుమంది."

"మీకెలా తెలిసింది?" అన్నాడు ప్లంబరు.

"తెలుస్తుంది. నీకు కుళాయి చప్పుడు వింటే వాషరు పోయిందని తెలియదూ? ఆ తర్వాత ఏం చేశానో తెలుసా? ఎల్ ఎస్ మైనస్ ఏ కొట్టాను. పేరు ముందు చుక్క పెట్టుకున్న ఫైలు మామూలు జాబితాలో కనబడదు. మైనస్ ఏ కొడితే దాక్కున్నవన్నీ బయటపడాల్సిందే. పడ్డాడు! దొంగవెధవ, దిష్టిచుక్క పెట్టుకున్న పసిపిల్లాడిలా చుక్క పెట్టుకుని మూల నక్కి కూర్చున్నాడు!"

మందుల షాపావిడ టీ ఊదుకుంది. చుక్క సంగతి నిజమే. రెండో వారం పాఠం. ఆ రోజు ఈయన కునుకు తీశాడనుకుంది, వింటూనే ఉన్నాడన్నమాట.

గేటు దగ్గరి వాచ్‌మన్ స్టూలు ఎత్తుకొచ్చి దగ్గరగా వేసుకున్నాడు. "దొంగా సార్? మన బిల్డింగులోకా?"

"ఆగు తమ్ముడూ, అక్కడికే వస్తున్నా. మెషిన్లో నడిచే ప్రతి పనికీ ఒక నంబరుంటుంది. ఆ నంబరు పట్టుకుని కిల్ అని కొడితే ఆ పని అక్కడికక్కడే చస్తుంది. కొట్టాను. చచ్చినట్టే చచ్చి ఇంకో నంబరుతో లేచాడు. మళ్లీ కొట్టాను, మళ్లీ లేచాడు. అలా నాలుగు వందల సార్లు! నా వేలు ఎంటర్ మీట మీద అరిగి ఇంత సన్నమైంది, చూడండి."

వేలు చూపించాడు. మామూలుగానే ఉంది.

"ఇంక లాభం లేదని వాడు పరుగందుకున్నాడు. ఈ ఫోల్డర్లోంచి ఆ ఫోల్డర్లోకి. నేను ఊరుకుంటానా? సీ డీ చుక్క చుక్క. అంటే ఒక మెట్టు పైకి. సీ డీ చుక్క చుక్క, ఇంకో మెట్టు. అట్లా ఎక్కి ఎక్కి అన్నిటికన్నా పైదాకా పోయాను. దాన్ని రూట్ అంటారు. దానికి పైన ఇంకేమీ లేదని మాస్టారు చెప్పాడు. పాపం, ఆయనకి తెలిసింది అంతవరకే. నేను ఇంకొక్కసారి కొట్టాను."

"కొడితే?"

"మెషిన్ నన్ను బతిమాలింది. 'అయ్యా, ఈ పైన ఇంకేం లేదు, వెళ్లకండి' అని. వెళ్లాను! అక్కడి నుంచి కిందికి చూస్తే, లోకంలో ఉన్న కంప్యూటర్లన్నీ మిద్దె మీంచి ఇళ్ల కప్పుల్లా వరసగా కనబడ్డాయి. ఎవడు ఉత్తరం రాస్తున్నాడో, ఎవడు పని ఎగ్గొట్టి పేకాడుతున్నాడో, అన్నీ! ఎల్ ఎస్ కొడితే జాబితా కిందికి జారడం మొదలైంది, తెర అయిపోయింది, బల్ల అయిపోయింది, మెట్ల మీంచి పారి టైర్ల షాపు దాకా వచ్చింది."

"నిన్న మధ్యాహ్నమా? నేనిక్కడే ఉన్నానే," అన్నాడు టీ కొట్టాయన.

"నువ్వు పాలు పొంగకుండా చూసుకుంటున్నావు. ఆ ఒక్క క్షణంలోనే."

ప్లంబరు గ్లాసు కింద పెట్టాడు. "సరే, దొంగ దొరికాడా లేదా?"

"దొరక్క! ఇప్పుడు నీ పనికొచ్చే మాట చెబుతాను విను. నిలువు గీత ఒకటుంటుంది. పైపంటారు దాన్ని."

"నా పైపేనా?"

"అచ్చం నీ పైపే. ఒక కమాండ్లోంచి వచ్చేదాన్ని ఇంకో కమాండ్లోకి పారిస్తుంది. నా మెషిన్ నుంచి వాడి మెషిన్‌కి ఒకే ఒక పైపు వేశాను. వాడు ఇన్నేళ్లుగా దోచుకున్నదంతా వెనక్కి పారింది. ఆ తాకిడికి కీబోర్డు తడిసింది, నమ్ముతావా?"

"ఎన్ని అంగుళాల పైపు?"

"అంగుళాలేంటయ్యా! మూడు దేశాల పొడుగు."

"మధ్యలో జాయింట్లు?"

"ఒక్కటి కూడా లేదు."

"అయితే ఎండకి పగులుద్ది," అన్నాడు ప్లంబరు తీర్మానంగా.

ఆ మాట పట్టించుకోకుండా కమాండరు గొంతు తగ్గించాడు. "ఇక ఆఖరి అస్త్రం. ప్రతి ఫైలుకీ మూడు హక్కులుంటాయి. చదవడం, రాయడం, నడపడం. ఆ మూడూ ఫైలుకి కాదు, ఆ దొంగకే తీసేశాను! ఎక్కడివాడు అక్కడే కొయ్యబారిపోయాడు. చదవలేడు, రాయలేడు, కుర్చీలోంచి లేచి నడవలేడు. పావుగంటలో ఫోను. ఏడుపు! 'సార్, ఇంట్లో కరెంటు బిల్లన్నా చదువుకోవాలి, చదివే హక్కొక్కటి ఇప్పించండి' అని. నాది మెత్తటి మనసు కదా, ఇచ్చాను. కానీ పోతూపోతూ ఆ పాపిష్టివాడు మన నోట్సు ఫోల్డరు చంకన పెట్టుకుపోయాడు. అది జరిగిన సంగతి. లేకపోతే పోయేది నోట్సా? ఈ బిల్డింగే పోయేది!"

ప్లంబరు నవ్వు ఆపుకుంటున్నాడు. వాచ్‌మన్ ఒక్కడే నవ్వడం లేదు. స్టూలు మీంచి లేచి నిలబడ్డాడు.

"సార్, అయితే ఆ దొంగ నా గేటు దాటి రాలేదు కదా?"

"ఛఛ, వైర్లోంచి వచ్చాడు."

"ఆ ముక్కొకటి ఓనరుగారికి చెబుతారా సార్? పొద్దున పిలిచి అడిగారు. క్లాసు గది తాళం సరిగ్గా వెయ్యలేదు, ఎవడో దూరి పాడుచేశాడు, నీ వల్లే అన్నారు. సోమవారం నుంచి వేరే మనిషిని చూసుకుంటామన్నారు. నేను తాళం వేసి, లాగి చూశాను సార్. రెండుసార్లు లాగాను."

కమాండరు గ్లాసులోకి చూశాడు. అందులో టీ అయిపోయి చాలాసేపైంది. "చెబుదాం, చెబుదాం. కానీ ఆ ఫోను సంగతి ఇంకా పూర్తవలేదు, ఆ దొంగ వాళ్ల నాయకుడు కూడా ఫోను చేసి..."

"అన్నయ్యగారూ," అంది మందుల షాపావిడ.

అప్పటిదాకా గంట కథని ఓపిగ్గా వింది. సోమవారం పరీక్ష పోయినా ఇంకో ఆరు వారాలు చదువుకోవచ్చనుకుంది. వాచ్‌మన్ స్టూలు మీంచి లేచి నిలబడ్డాక మాత్రం ఆవిడకి కూర్చోబుద్ధి కాలేదు. హ్యాండ్‌బ్యాగ్‌లోంచి మడత కాగితం తీసింది.

"నిన్న మీరు కూర్చున్న అయిదో మెషిన్ దగ్గర ఇవాళ నేను కూర్చున్నాను. పై బాణం మీట నొక్కితే అంతకుముందు కొట్టిన కమాండు తెర మీదికొస్తుంది. పొరపాటున నొక్కాను. వచ్చింది చూసి ఆశ్చర్యపోయాను. మాస్టార్ని అడిగితే హిస్టరీ అని కొట్టమన్నారు. కొడితే మనం కొట్టిన ప్రతిదీ వరసగా చెబుతుందట. రోజు, టైముతో సహా. కాగితం మీద రాసుకొచ్చాను. చదవనా?"

ఆవిడ కాగితం మడత విప్పింది.

"పి డబ్ల్యు డి. ఎల్ ఎస్. ఇంతవరకూ మీరు చెప్పినట్టే ఉంది. సీ డీ చుక్క చుక్క. అది కూడా నిజమే, ఒక్కసారే. ఆ తర్వాత ఆర్ ఎమ్ మైనస్ ఆర్ నోట్స్."

"అంటే?" అన్నాడు టీ కొట్టాయన.

"నోట్సు అనే ఫోల్డర్ని, అందులో ఉన్నవాటన్నిటితో సహా తీసెయ్యి అని. తర్వాత ఎల్ ఎస్. మళ్లీ ఎల్ ఎస్. అలా పదకొండు సార్లు. ఉందేమో, ఉందేమో అని. తర్వాత, 'అన్‌డూ'. తర్వాత, 'కమ్ బ్యాక్'. తర్వాత, 'సారీ'. ఆఖరిది, 'ప్లీజ్'."

ప్లంబరు పదకొండు ఎల్ ఎస్‌ల దగ్గర పగలబడి నవ్వినవాడు, 'ప్లీజ్' దగ్గరికొచ్చేసరికి నోరు మూసుకున్నాడు.

"నా ఫోల్డర్లో ఉన్నాననుకున్నాను," అన్నాడు కమాండరు. గొంతు మామూలు మనిషి గొంతులా ఉంది. "నాది కూడా నోట్సనే పేరు పెట్టుకున్నాను. అది తీసేసి మళ్లీ శుభ్రంగా రాసుకుందామని. ఒక మెట్టు పైకి వచ్చానని మర్చిపోయాను. ఎక్కడున్నానని రెండోసారి అడగలేదు. సారీ అని కూడా చెప్పాను చెల్లెమ్మా, నువ్వే చదివావు కదా."

"చెప్పింది మెషిన్‌కి అన్నయ్యగారూ. ఆ కమాండ్ నాకు తెలీదంది అది. మాకు తెలుసు. మాకు చెప్పండి."

ఆయన లేచాడు. వాచ్‌మన్ వైపు తిరిగి భుజం మీద చెయ్యేసి, "పద, ఓనరు దగ్గరికి," అన్నాడు. ఇద్దరూ మెట్లెక్కారు. పది నిమిషాల తర్వాత వాచ్‌మన్ దిగొచ్చి, "సార్ ఒక్క ముక్క కూడా కలపకుండా చెప్పారండీ," అని చెప్పి స్టూలు గేటు దగ్గరికి తీసుకుపోయాడు. మాస్టారు దగ్గర మాత్రం ఆయనకి అరగంట పట్టింది. బాగానే తిట్లు తిన్నట్టున్నాడు.

మందుల షాపావిడకి మెషిన్ మీద మొదటి నుంచీ నమ్మకం లేదు. ప్రతి పాఠం ముందు చేత్తో పుస్తకంలో రాసుకుని, తర్వాతే మెషిన్లోకి ఎక్కించేది. ఆదివారం పొద్దున్నే వాచ్‌మన్ క్లాసు తలుపు తీశాడు. ఆవిడ పుస్తకం చదవడానికి, కమాండరు కొట్టడానికి కూర్చున్నారు. రెండు వందల పేజీలు. ఎన్నాళ్లకి తెములుతుందో అని ఆవిడ ఒక్కో మాటా ఆగి ఆగి చదివింది.

"ఆగక్కర్లేదమ్మా," అన్నాడాయన.

మామూలుగా చదివింది. ఆయన ఆవిడ కన్నా ముందే ఆగి ఎదురు చూశాడు. గబగబా చదివింది. కీబోర్డు వైపు ఒక్కసారి కూడా చూడకుండా, పదివేళ్లతో, రేకుల కప్పు మీద వాన పడ్డట్టు కొట్టుకుంటూ పోయాడు. పాతిక పేజీలయ్యాక ఆవిడ గొంతు ఎండి మంచినీళ్లకి లేచింది గానీ ఆయన లేవలేదు. తెర మీద ఒక్క అక్షరం తప్పు లేదు.

నీళ్ల పైపు బాగుచేద్దామని వచ్చిన ప్లంబరు స్పానరు పట్టుకుని గుమ్మంలోనే నిలబడిపోయాడు. "ఏంటండీ ఇది! ఎక్కడ నేర్చారు?"

"లాయరు ఆఫీసులో. ఇరవై రెండేళ్లు అదే పని."

"ఇంత వేగం ఉందని ఇన్నాళ్లూ ఒక్కసారైనా చెప్పలేదేం?"

కమాండరు తెర మీంచి కళ్లు తిప్పలేదు. "ఇందులో చెప్పుకోడానికేముందయ్యా? పొట్టకూటికి చేసిన పని." తర్వాత మందుల షాపావిడతో, "పేజీ తిప్పమ్మా," అన్నాడు.