మనవడి మొహం తెచ్చిన రోజు

తియ్యి, ముందా చెయ్యి తియ్యి వదినా. నిద్రపోయే పిల్లాణ్ణి నా ఒళ్ళో వేసుకుంటే నీ సొమ్మేదో దోచుకున్నట్టు అలా చూస్తావేం? కాస్త దూరం జరుగు. పళ్ళెం దగ్గరికి లాక్కో. కొబ్బరిపాలలో వండిన చేప, చల్లారితే నీచు కొడుతుంది. తింటూ విను. వియ్యపురాలు తిండి పెట్టకుండా తిట్టిందని రేపు కందావు దీవంతా చెప్పుకుంటావు మళ్ళీ.

ష్! గొంతు తగ్గించు. వాడు లేస్తాడు.

లేస్తే ఏమవుతుందో నీకూ తెలుసు, నాకూ తెలుసు. పొద్దున ఊరంతా చూసిందిగా! బెరడు బట్ట చుట్టి, కొత్త పెళ్ళికొడుకులా తెచ్చి చాపల మీద దింపారు. నేను చేతులు చాపాను. అంతే, నా మొహం చూసి ఇంటికప్పు ఎగిరిపోయేలా ఏడుపు. అమ్మమ్మని చూసి ఏడవడమేంటమ్మా? నేనేమన్నా దెయ్యాన్నా? ఆ భయానికి నీ మేలురకం చాప మీద ఉచ్చ కూడా పోశాడు. జనం ఒకటే నవ్వు. నేనూ నవ్వాను. నవ్వక చస్తానా? లోపల ఎలా ఉందో నన్నడుగు.

అందుకే, ఏడ్చి, ఆడి, అలిసి నీ భుజం మీద సోలిపోయేదాకా కాచుకుని కూర్చున్నాను. అప్పుడు లాక్కున్నాను. అవును, లాక్కోవడమే. మగాళ్ళందరూ పెద్దింట్లో కావా వేరు రసం తాగడానికి గిన్నె చుట్టూ చేరారు. మా అమ్మాయి కెలెరా ఆడబడుచులతో చాపలు సర్దుతోంది. ఇన్నాళ్ళకి నువ్వొక్కదానివీ చిక్కావు. వంటింట్లోకి పిలిచింది చేప పెట్టడానికే అనుకున్నావా ఏంటి?

ఏడాదిన్నర దాటింది వదినా. నా కూతురి కడుపున పుట్టిన పిల్లాణ్ణి నేను ఒళ్ళోకి తీసుకోవడం ఇదే మొదలు. అదీ దొంగతనంగా, కళ్ళు మూసుకున్న పిల్లాణ్ణి.

ఆచారం ఆచారం అనకు. ఆచారం నాకు నేర్పుతావా? తండ్రివైపు వాళ్ళు తిమింగలం పన్ను పట్టుకొచ్చి, ఇదిగో మీ రక్తం, మొహం చూసుకోండి అని అప్పగించాలి. అప్పటిదాకా వాడి కాలు తల్లి ఊరి మట్టి మీద పడకూడదు. నేను కాదన్నానా? మా అమ్మ ఊరికి నన్నూ అలాగే తెచ్చారు. ఒక్క పన్ను, రెండు చాపలు, ఒక కిరసనాయిలు డబ్బా. అయిపోయింది. మధ్యాహ్నానికి నేను మా అమ్మమ్మ కోళ్ళ వెనకాల పరిగెడుతున్నానట.

నీకది చాల్లేదు. మహారాణివి కదా!

మొదట చర్చి కప్పు పని ఉందన్నావు. సరే అన్నాం. తర్వాత తుపానుకి మొగలి తోటలన్నీ పోయాయి, ఆకు లేదు, చాపలెలా అల్లేదన్నావు. సరే అన్నాం. ఆకు మొలిచింది, ఎండింది, అల్లిక మొదలైంది. ఇంకో పది కావాలి, ఇంకో ఇరవై కావాలి. ఎవరడిగారమ్మా నిన్ను? మా ఇల్లు చూశావుగా. ఈ చాపలన్నీ పరిస్తే మేం మనుషులం గుమ్మం బయట పడుకోవాలి.

నేనే వద్దామంటే ఆయన కాలు సంగతి నీకు తెలుసు. చక్కెర జబ్బుకి వేళ్ళు పోయాయి, తర్వాత పాదం పోయింది. ఆయన్ని వదిలి పడవెక్కేదెలా? పోనీ సువా పట్నం బజారుకి తీసుకురండి, బస్సుల దగ్గర నిలబడి ఒక్కసారి చూసి పోతానంటే ఏమన్నావు? మొహం ముందే చూసేస్తే రేపు తేవడానికేం మిగులుతుంది వదినా అన్నావు. ఎంత తెలివో!

అసలు కంటే వడ్డీ ముద్దంటారు. నాకు అసలూ లేదు, వడ్డీ లేదు. ఫోనొకటి మిగిలింది.

వాడికి పాలపన్ను వచ్చిందని ఫోన్లో విన్నాను. బోర్లా పడ్డాడని విన్నాను. పీత కనిపిస్తే చప్పట్లు కొడతాడని విన్నాను. నడక మాత్రం చూపిస్తానంది కెలెరా. కొండెక్కి మరీ చేసింది పాపం, అక్కడైతేనే సిగ్నలుంటుందని. నేనూ ఆయనా తలలు ఆనించుకుని కూర్చున్నాం. అమ్మా, వదిలేస్తున్నా, చూడు చూడు అంది. వాడు ఒక కాలెత్తాడు. అంతే, బొమ్మ బిగుసుకుపోయింది.

ఆ ఎత్తిన కాలు అలాగే ఉంది, గాల్లో. ఆయన ఫోను దించనివ్వలేదు. వేస్తాడు చూడవే, ఇప్పుడు వేస్తాడు అంటున్నాడు. కాలు లేని మనిషి, మనవడి కాలు ఎప్పుడు కింద పడుతుందా అని చూస్తూ కూర్చున్నాడు. చివరికి ఫోనే చచ్చిపోయింది.

తల దించుకోకు. ఇంకా నేను అసలు విషయానికి రాలేదు.

ఆయనకి తెలుసు వదినా, ఎక్కువ రోజులు లేవని. డాక్టరు చెప్పక్కర్లేదు, మనిషికి తెలుస్తుంది. అల్లుణ్ణి ఫోన్లో పిలిచి తనే అడిగాడు. మా ఆయన సమిసోని పుట్టి బుద్ధెరిగాక ఎవర్నీ ఏదీ అడిగి ఎరగడు. ఒక్క పన్ను పట్టుకుని రండి బాబూ, చాపలొద్దు, ఏమీ వద్దు, పిల్లాణ్ణి తెచ్చి నా మంచం మీద కూర్చోబెట్టండి చాలు అన్నాడు. అల్లుడు సరేనన్నాడు. మంచి కుర్రాడు. పడవ టికెట్లు కూడా కొన్నాడట. మరి ఎవరాపారు? చెప్పు. మా ఇంటి మొదటి మనవడు దొంగలా ఉత్తి చేతుల్తో వెళ్ళడు, నా కంఠంలో ప్రాణముండగా వెళ్ళడు అన్నదెవరు?

నీ కంఠంలో ప్రాణం బాగానే ఉందిలే. ఆయనకే పోయింది.

చావుకి మాత్రం వచ్చారు. చాపలు తెచ్చావు. అబ్బో, ఎన్ని చాపలు! అంచులకి ఎర్ర ఊలు కుట్టినవి, మెత్తనివి. పన్ను కూడా తెచ్చావు శవం ముందు పెట్టడానికి. చచ్చినవాడి కింద పరవడానికి దొరికిన చాపలు బతికున్నప్పుడు దొరకలేదేం వదినా? చెప్పవేం? ఆ పన్నే, అదే పన్ను, నెల ముందు తెస్తే ఏం పోయేది నీకు?

పిల్లాడు తల్లిపాలు మానలేదని వాణ్ణీ తెచ్చారు. తెచ్చి ఎక్కడ ఉంచారు? ఊరి మొదట్లో వంతెన దగ్గర, లారీలో, నీ చిన్నకూతురి ఒళ్ళో. మొహం ఇంకా తేలేదు కదా, ఊళ్ళోకి రాకూడదు కదా!

ఎంత దూరమా వంతెన? కేకేస్తే వినిపిస్తుంది. వినిపించింది కూడా. నేను ఆయన తల దగ్గర కూర్చున్నాను, పాటలు పాడుతున్నారు. పాటకీ పాటకీ మధ్య పిల్లాడి ఏడుపు. ఎవరిదని ఎవరూ అడగలేదు. కెలెరా నల్లగౌను ముందంతా పాలు కారి తడిసిపోయింది. అది నా వైపు చూసింది. నేను లేవకూడదు, శవం దగ్గర్నుంచి పెళ్ళాం లేవకూడదు. దాన్ని మాత్రం పో, పరిగెత్తు అన్నాను. మనవడి మొహం చూడకముందే ఏడుపు విన్నదాన్ని నేనేనేమో ఈ రేవా నది ఒడ్డున.

వాడి మొహం తెచ్చే రోజు కోసమని ఆయన ఒక పందిని పెంచాడు. ఒంటికాలితో కుంటుతూ వెళ్ళి కొబ్బరి వేసేవాడు దానికి. దాన్ని ఆయన దినానికే కోశారు. నువ్వూ తిన్నావు. బాగుందన్నావు.

ఏంటి? ఆ వేళ్ళు నాకు చూపించకు. తెలుసు, మొగలి ఆకు కోస్తుంది. ఈ నదొడ్డున మేం అల్లని చాపలా? ఎవరి కోసం కోయించుకున్నావు వేళ్ళు? నా కోసమా? వాడి కోసమా? వాడికి చాపలేం తెలుసు, ఉచ్చ పోశాడు.

ఆఁ? ఎవరు నవ్వారు?

మీ పుట్టింట్లోనా? నీ కొడుకుని తీసుకెళ్ళినప్పుడా?

ఓహో. నాలుగే చాపలని మీ మేనత్తలు లెక్కపెట్టి నవ్వారా. ఆ సంగతి నాకెవరూ చెప్పలేదు. గుడ్డ నోట్లో కుక్కుకుని ఏడ్చావా రాత్రంతా? ఏడ్చే ఉంటావు. మన ఆడవాళ్ళ నోళ్ళు అలాంటివేగా, అన్నం పెడుతూనే కొరుకుతాయి.

అయితే ఏం చెయ్యమంటావు ఇప్పుడు? అయ్యో పాపం అనమంటావా? అననమ్మా. వాళ్ళెవరో నవ్వితే నువ్వు నా మొగుడి మీద తీర్చుకుంటావా? ఆ మేనత్తలు ఎప్పుడో మట్టిలో కలిసిపోయుంటారు. వాళ్ళకి వినిపించాలని అల్లావు ఇన్ని చాపలు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, అన్నీ అయ్యాక ఇవాళ తెచ్చి మా ఇంట్లో గుట్ట పోశావు. మా ఊరివాళ్ళు నోళ్ళు వెళ్ళబెట్టి చూశారు. సంతోషమేనా? పరువు నిలబడిందా?

నీ పరువు సంగతి నాకెందుగ్గానీ, ఇటు చూడు. ఈ జుట్టు చూడు. నుదుటి దగ్గర సుడి. ఇది మా సమిసోనిది. ఇంత గట్టిగా మూసిన పిడికిలి కూడా ఆయనదే. నిద్రలో ఎవరో లాక్కుపోతారని భయపడ్డట్టు మూసేవాడు. నువ్వు రోజూ ఎత్తుకుని తిరిగావు కదా, ఎప్పుడన్నా చూశావా ఈ సుడి? చూసినా ఎవరిదో నీకెలా తెలుస్తుందిలే.

బరువుగానే ఉన్నాడు. బాగా పెంచావు. ఆ మాట కాదనను. కాదంటే నా కళ్ళు పోతాయి.

ఏడుపాపాక వీడు చేసిన అల్లరి చూశావుగా, నీ నడుం దిగకుండానే? మా మనోవా కొత్త నల్లకళ్ళద్దాలు పీకి రెండు ముక్కలు చేశాడు. మేనమామ కదా, పళ్ళికిలించి, ఇంకో జత తెస్తాలేరా దొరా అన్నాడు. మా ఊరి పెద్ద చేతిలో విసనకర్ర కావాలన్నాడు, ఇచ్చేశాడు ఆ ముసలాయన. పక్కింటి పుంజుని చూపించాడు, దాని కాళ్ళు కట్టి మీ సామాన్లలో పెట్టారు. పెట్టక తప్పుతుందా? ఆడపిల్ల కొడుకు తల్లి ఊళ్ళో ఏదడిగినా లేదనకూడదు. ఇవ్వనన్నవాడు మా ఊళ్ళో ఇంతవరకూ పుట్టలేదు.

నన్ను మాత్రం ఏమీ అడగలేదు. కాల్చిన అరటిపండు పట్టుకుని వెనకాలే తిరిగాను. చెవులకున్న పోగులు కదిలించాను, మెరుస్తాయి కదా, పీకుతాడేమోనని. పీకితే చెవి తెగినా ఇచ్చేదాన్ని. వాడు నా వైపే చూడలేదు.

రేపు పొద్దున పడవకి వెళ్ళిపోతారు. ఇవాళొక్కరోజు నాకు వదులు వదినా. ఈ సాయంత్రం వాడికి నేను నీళ్ళు పోస్తాను, నేను తినిపిస్తాను. నువ్వు మా చెల్లెలింట్లో పడుకో. ఏడిస్తే ఏడుస్తాడు. ఎంతసేపు ఏడుస్తాడు? ఊరుకుంటాడు. ఎందుకు తల అడ్డంగా ఊపుతావు? నీకేంటంత నమ్మకం?

ఉష్. ఆగు. కదిలాడు.

కదలకు నువ్వు. ఆ పళ్ళెం చప్పుడు చెయ్యకు. లివై... లివై నాన్నా... లేచావా బంగారూ? ఇటు, ఇటు చూడు. నేను. నేనమ్మా. అదిగో చూడు, బయట కోడి. భయం లేదు, ఎవరూ ఏమీ అనరు. ఇదిగో పండు. తియ్యగా ఉంటుంది, మీ తాత నాటిన చెట్టుది, కొంచెం నాకు...

వదినా, మొహం అటు తిప్పుకో. నీకు దణ్ణం పెడతాను, ఒక్క నిమిషం అటు తిరుగు. నువ్వు కనపడకపోతే వస్తాడు నా దగ్గరికి. తిరుగు!

లేదు నాన్నా, లేదు, ఏడవకు. ఎవరు కొట్టారు? ఎవరూ కొట్టలేదు. అబ్బ, ఏం బలం రా! తన్నకు, పడతావు. అటు కాదు, ఇటు...

బూబూ అంటున్నాడు, నానమ్మా అని. నిన్నే. చేతులు రెండూ ఎటు చాపాడో కనిపిస్తూనే ఉంది, నాకేం గుడ్డితనం లేదు. ఈ ఊళ్ళోకి వచ్చాక నన్ను వాడడిగింది ఇదొక్కటే.

మనోవా కళ్ళద్దాలిచ్చాడు. ఆ ముసలాయన విసనకర్ర ఇచ్చాడు. నేను లేదనడానికి నాకేం హక్కుంది?

ఊఁ, పట్టుకో. తీసుకో అంటున్నానా, నడుం కింద చెయ్యి పెట్టు. నువ్వెందుకు ఏడుస్తావు మళ్ళీ? కూర్చో. ఆ చేపలో ముళ్ళు ఎక్కువ, చూసి తీసి పెట్టు. పొద్దున్నించీ ఏమీ తినలేదు, నువ్వు పెడితేనే తింటాడు.