సోమవారం తూకాలు

నా పేరు చిన్నరంగప్ప. తండ్రి పేరు చిక్కన్న. వయసు యాభై ఏడు. ఊరు పావగడ తాలూకా రాయచెర్లు. నా ఐదెకరాల మెట్ట సోలార్ పార్కుకు లీజులో ఉంది. ఇప్పుడు ఇరవై రెండు గొర్రెలు మేపుకుంటున్నాను. బడికి పోలేదు. పాత క్యాలెండర్లు చూసి తెలుగు అక్షరాలు సొంతంగా నేర్చుకున్నాను. కన్నడ మాట్లాడతాను, చదవలేను. అందుకని ఎస్.ఐ. గారి అనుమతితో ఈ వాంగ్మూలం తెలుగులో నా చేత్తోనే రాస్తున్నాను. ఈ రోజు 2024 ఆగస్టు 29, గురువారం. స్టేషన్‌లో ఉదయం పదకొండు గంటలకు మొదలుపెట్టాను.

నా కూతురు మంజుశ్రీ, వయసు ఇరవై రెండు, పాలు ఉండి కూడా బిడ్డకు ఇవ్వలేదని, అందువల్లే బిడ్డ చనిపోయిందని వై.ఎన్.హొసకోటలో ఉండే ఆమె అత్త గుండమ్మ ఫిర్యాదు ఇచ్చారు. దాని గురించి నాకు తెలిసింది చెబుతున్నాను.

మంజుశ్రీ పురిటికి మా ఇంటికి వచ్చింది. జూన్ 3, సోమవారం, పావగడ ఆసుపత్రిలో ఆడపిల్ల పుట్టింది. బరువు రెండు కిలోల తొమ్మిది వందల గ్రాములు. ఐదో నెలలో పేరు పెడదామనుకున్నాం. నా పుస్తకంలో పాప అనే రాశాను.

ఏ రోజు ఏం జరిగిందో ఆ రోజే పుస్తకంలో రాయడం నాకు అలవాటు. గొర్రెపిల్లలను ప్రతి సోమవారం స్ప్రింగ్ కాటాకు వేలాడదీసి తూకం రాస్తాను. పాపను కూడా నా భార్య రంగక్క పాత చీర ముక్కలో కట్టి ఇస్తే అదే కాటాకు తూచేవాణ్ణి. చీర ముక్క బరువు తీసేసేవాణ్ణి. జూలై 1న మూడు కిలోల ఐదు వందలు. జూలై 8న మూడు కిలోల ఏడు వందలు. పుస్తకం ఎస్.ఐ. గారికి ఇచ్చాను.

జూలై 10, బుధవారం, పది గంటలకు ఊరి సముదాయ భవనంలో బాలింతలకు ఉచిత పరీక్ష అని ఆటోలో మైకు పెట్టి చెప్పారు. ఆ పరీక్ష పెట్టింది డబ్బా పాల కంపెనీ వాళ్ళు. ఆ సంగతి అక్కడికి పోయాక తెలిసింది. తెల్ల కోటు వేసుకున్న ఒకామె ఉన్నారు. పేరు ప్రతిభ అని చెప్పారు. నర్సు అనుకున్నాను. అంకెలు వెలిగే కాటా మీద పాపను పడుకోబెట్టారు. మూడు కిలోల వంద చూపించింది.

నా కాటాలో మొన్న మూడు కిలోల ఏడు వందలు వచ్చిందని చెప్పాను. ఆమె నవ్వి, "అప్పా, మీది గొర్రెల కాటా. ఇది బిడ్డల కాటా. రెండూ ఒకటేనా?" అన్నారు. అక్కడున్న వాళ్ళు కూడా నవ్వారు. తల్లి పాలు ఉన్నాయి గానీ పలచన, బిడ్డకు చాలడం లేదు అని చెప్పారు. ఒక డబ్బా, ఒక సీసా ఉచితంగా ఇచ్చారు.

మంజుశ్రీ పాపకు పాలివ్వడానికి లోపలి గదిలోకి వెళ్ళింది. ఆ సమయంలో నా ముందు ఒక కాగితం పెట్టారు. డబ్బా ముట్టినట్టు అన్నారు. అది ఇంగ్లీషులో ఉంది. ఇంకు ప్యాడ్ నా వైపు తోశారు. నేను దాన్ని పక్కకు జరిపి సంతకం పెట్టాను. ఆమె, "పరవాలేదే, సంతకం వస్తాదే" అన్నారు. నాకు సంతోషమైంది.

ఇంటికి వచ్చాక మంజుశ్రీ, "నాయనా, రవిక తడిసిపోతా ఉండాది. నాకు డబ్బా ఏంటికి?" అంది.

నేను, "సదువుకున్నోళ్ళు చెప్పినారు, విను" అన్నాను.

ఆ మాట అన్నది నేనే. మంజుశ్రీ వింది.

ఆ తర్వాతి సోమవారం నేను పాపను తూచలేదు. నా కాటా తప్పు అనుకున్నాను. దాన్ని కొట్టంలో చూరుకు తగిలించాను. గొర్రెపిల్లలను కూడా తూచలేదు. జూలై 15, 22, 29, ఆగస్టు 5, 12. ఈ ఐదు సోమవారాలూ పుస్తకంలో తూకం లేదు.

సీసాకు అలవాటు పడ్డాక పాప రొమ్ము పట్టలేదు. నెల తిరగకముందే మంజుశ్రీకి పాలు తగ్గిపోయాయి. ఉచిత డబ్బా అయిపోయాక హొసకోట మందుల అంగట్లో కొన్నాం. ప్రతిభ గారికి రెండుసార్లు ఫోన్ చేశాను. ఎత్తలేదు.

ఆగస్టు 4న పాపకు విరేచనం గట్టిపడింది. తల్లి లేని గొర్రెపిల్లకు చిక్కటి పాలు పడితే కడుపు ఉబ్బుతుంది. మేము సగం నీళ్ళు కలిపి పడతాం. అట్లా ఎన్నో పిల్లలను బతికించాను. అందుకని నాలుగు చెంచాల పొడి వేసే చోట రెండే వేయమన్నాను. మంజుశ్రీ, "డబ్బా మీద నాలుగు అని ఉండాదే నాయనా" అంది. "నాకు తెలీదా?" అన్నాను. మరునాటి నుంచి పాలు నేనే కలిపాను. రోజుకు ఏడుసార్లు. పుస్తకంలో రాశాను.

ఆగస్టు 17న భేదులు మొదలయ్యాయి. 19, సోమవారం, ఉదయం తొమ్మిదిన్నరకు పావగడ ఆసుపత్రికి తీసుకుపోయాం. అక్కడ తూచారు. రెండు కిలోల ఎనిమిది వందలు. పుట్టినప్పటికంటే వంద గ్రాములు తక్కువ. నీళ్ళపాలతో బిడ్డ చిక్కిపోయిందని డాక్టరు చెప్పారు. అట్లా ఉచిత డబ్బాలు పంచడం చట్టంలో కూడదని కూడా చెప్పారు. 21, బుధవారం, పగలు పదకొండు నలభైకి పాప చనిపోయింది.

ఆసుపత్రి వరండాలో గుండమ్మ అందరి ముందూ, "సోలార్ దుడ్డు వచ్చినాక బిడ్డకు పాలియ్యను కూడా ఒళ్ళు బరువైనాది దీనికి" అన్నారు. అల్లుడు సునీల్‌కుమార్ తల వంచుకున్నాడు. నీళ్ళపాలు కలిపింది నేనేనని నేను అప్పుడే చెప్పి ఉండాల్సింది.

నిన్న ఎస్.ఐ. గారు కంపెనీ వాళ్ళు పంపిన కాగితం చూపించి, చదివి అర్థం చెప్పారు. తల్లికి పాలు లేవు, ఇంటివాళ్ళే డబ్బా అడిగారు అని అందులో ఉంది. కింద ఉన్న సంతకం నాది. మంజుశ్రీది కాదు. ఆమెకు పాలు ఉన్నాయి. వద్దని కూడా అంది.

ఈ రోజు బయలుదేరే ముందు చూరుకు తగిలించిన కాటా దించాను. కిలో ఉప్పు ప్యాకెట్ వేలాడదీశాను. సరిగ్గా కిలో చూపించింది. మళ్ళీ వేశాను. కిలోనే. వాళ్ళ కాటా ఆ రోజు ఎందుకు తక్కువ చూపించిందో నాకు తెలియదు.

రాసింది రెండుసార్లు చదువుకున్నాను. ఇందులో జరగనిది లేదు, జరిగినదాంట్లో దాచింది లేదు. ఎవరూ బలవంతం చేయలేదు. నా సంతకం ఒకసారి అబద్ధం కింద పడింది కాబట్టి దీనికి సంతకం పెట్టడం లేదు. ఇంకు ప్యాడ్ అడిగి తీసుకున్నాను.

ఎడమ బొటనవేలి ముద్ర: చిన్నరంగప్ప

ముద్ర నా ఎదుట వేయగా పక్కన పేరు రాసినది: జయరామప్ప, హెడ్ కానిస్టేబుల్