లాప్‌టాప్‌కి నూట ముప్పై జ్వరం

కాంపౌండర్ ఆ మధ్యాహ్నం చిన్నగానే మొదలుపెట్టాడు. టీ కొట్టు బల్ల మీద కూర్చుని, గ్లాసు మోకాలి మీద ఆనించుకుని, "మా కోడలి లాప్‌టాప్‌కి జ్వరమొస్తే నేనే కనిపెట్టాను" అన్నాడు, అంతే. పోస్ట్‌మాన్ సైకిలుకి స్టాండు వేసి పక్కన చేరాడు. కాంపౌండర్ కోతల పుణ్యమా అని ఆ వీధిలో ఉత్తరాలు రోజూ అరగంట ఆలస్యంగా అందుతాయి.

పోస్ట్‌మాన్‌కి తెలియని సంగతి ఒకటుంది. టీ కొట్టుని ఆనుకునే లాప్‌టాప్ రిపేరు షాపు. ఆ జ్వరం వచ్చిన లాప్‌టాప్ అప్పుడు ఆ షాపులో, స్క్రూలన్నీ ఊడి, వెల్లకిలా పడి ఉంది. పొద్దుటినుంచి వెలగడం లేదు. కోడలు ఇళ్ల ప్లాన్లు గీస్తుంది. మూడు వారాలు కూర్చుని గీసిన బడి ప్లాన్ అందులోనే ఉంది, మర్నాడు పొద్దున్నే ఇచ్చేయాలి. ఆవిడ స్థలం కొలతలు చూసుకోవడానికి వెళ్లిన సమయం చూసి, కాంపౌండర్ దాన్ని గుడ్డసంచిలో పెట్టుకుని ఇక్కడికి పట్టుకొచ్చాడు. ఆవిడకి ఇంకా తెలియదు. ఆయనకి గుండె దడదడలాడుతోంది. దడ పుడితే ఆయన నోరు ఊరుకోదు.

"ముప్పై ఆరేళ్లు ఆస్పత్రిలో జ్వరాలు చూసిన చెయ్యండీ ఇది. లాప్‌టాప్ వీపు మీద ఇలా పెట్టానో లేదో, నూట ముప్పై అన్నాను. అయినా మాటంటే సరిపోతుందా, రుజువుండాలి కదా? నెట్‌లో ఊరికే దొరికే సాఫ్ట్‌వేర్ ఒకటి నా చేతులతో నేనే ఎక్కించాను. లోపలి ప్రాసెసర్ ఎంత వేడిగా ఉందో అది చెబుతుంది. మొదట యాభై నాలుగని చూపించింది. యాభై నాలుగంటే శవం కూడా అంత చల్లగా ఉండదు. దానికి లెక్కలు రావేమోనని సెట్టింగుల్లోకి వెళ్లి సరిచేశాను. అప్పుడు దారికొచ్చి నూట ముప్పై అంది. పాయింటు తేడా లేదు. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

తెలియదన్నాడు పోస్ట్‌మాన్. తెలియదనడం ఆయన వంతు.

"చూస్తుండగానే రెండొందలు. మూడొందలు. గిన్నెలో నీళ్లు పోసి కీబోర్డు మీద పెడితే కుతకుతా ఉడికాయి. అందులో గుడ్డు వేస్తే ఉడికిపోయింది."

"అయితే స్టవ్ వెలగకపోయినా కొట్టు నడుస్తుందన్నమాట" అని టీ కొట్టాయన తన స్టవ్ వైపు చూసుకున్నాడు.

షాపులో స్క్రూడ్రైవర్ చప్పుడు ఆగింది. కాంపౌండర్ ఓ క్షణం అటు చెవి పెట్టి, మళ్లీ గొంతు పెంచాడు.

"ఇక దాని ఫ్యాను చూడాలి. ఆ తిరగడానికి ఎదురింటి కర్టెన్లు ఊడొచ్చాయి. మేడ మీద ఆరేసిన బట్టలు పక్కవీధిలో దిగాయి. తిరిగి తిరిగి లాప్‌టాప్ గాల్లోకి లేచింది. సీలింగు దాకా పోతుంటే చార్జర్ వైరు పట్టుకుని గాలిపటంలా లాగి కిందికి దింపాను. అప్పటికి వెయ్యి దాటింది. సాఫ్ట్‌వేర్ దగ్గర అంకెలు అయిపోయాయి. ఇక నా వల్ల కాదు బాబూ అని తెర మీద రాసి చేతులెత్తేసింది."

"తెలుగులోనేనా?" అన్నాడు పోస్ట్‌మాన్.

"స్వచ్ఛమైన తెలుగులో. అప్పుడు నేనేం చేశాను? జ్వరానికి ఏం చేస్తామండీ? తడిగుడ్డ..."

ఆ మాట దగ్గర ఆయన షాపు వైపు చూశాడు. నూట ముప్పై దాటాక చెప్పినదాంట్లో ఆ తడిగుడ్డ ఒక్కటే నిజం. పొద్దున్న దాన్ని నాలుగు మడతలు పెట్టి, ఎంతో శ్రద్ధగా కీబోర్డు మీద పరిచాడు. తెర ఒక్కసారి రెపరెపలాడి నల్లబడిపోయింది. ఆ నలుపు ఇంకా ఆయన కళ్లముందే ఉంది.

"తడిగుడ్డ వేస్తే?" అని పోస్ట్‌మాన్ అందించాడు.

"వేస్తే ఏముంది, ఆవిరి లేచి మబ్బు పట్టి, ఒక్క మా ఇంటి మీద వాన. అర మాత్ర పొడి చేసి చార్జింగ్ కన్నంలో వేశాను. తొంభై ఎనిమిది పాయింట్ నాలుగుకి దిగింది. దాన్ని తయారుచేసిన కంపెనీవాళ్లు ఫోన్ చేసి, మందు పేరు చెప్పమని ఒకటే బతిమాలడం."

"మావయ్యగారూ."

ఆయన వెనక్కి తిరగలేదు. తిరగక్కర్లేదు, అది కోడలి గొంతు. లాప్‌టాప్ మూత మీద అంటించి ఉన్న నంబరుకి మెకానిక్కే ఫోన్ చేశాడట. గుడ్డసంచిలో దొరికిన కాగితాల కట్ట ఆవిడ చేతిలో ఉంది. పాత ఆస్పత్రి చార్టులు. రోజుకి నాలుగుసార్లు చొప్పున పంతొమ్మిది రోజులు లాప్‌టాప్ టెంపరేచర్ ఎంతో గుండ్రటి అక్షరాలతో రాసి ఉంది. నోటికి హద్దు లేని ఆ మనిషి, చార్టులో మాత్రం బతుకులో ఒక్క అబద్ధం రాయలేదు.

"ఇందులో నూట ముప్పై దాటిన రోజే లేదు" అందావిడ మెల్లగా. "మీరు ఫారన్‌హీట్‌లో పెట్టుకున్నారు. మొదట చూపించిన యాభై నాలుగు సెల్సియస్. రెండూ ఒకటేనండీ. పనిచేసే లాప్‌టాప్‌కి ఆ వేడి మామూలే. దానికి అసలు జ్వరమే లేదు."

టీ కొట్టాయన నవ్వబోయి, కాంపౌండర్ మొహం చూసి మానుకున్నాడు. ఒంట్లో ఏమీ లేని రోగికి వైద్యం చేసి మంచాన పడేశానని ఆయనకి అప్పుడు అర్థమైంది. టీ గ్లాసు కింద పెట్టేశాడు.

"తడిగుడ్డ వేసింది నేనేనమ్మా" అన్నాడు. "నీ మూడు వారాల కష్టం..."

ప్లాన్ భద్రంగా ఉందని మెకానిక్ గుమ్మంలోంచే చెప్పాడు. కీబోర్డు పోయింది, మార్చాలి. డిస్కు మాత్రం తడవలేదు, ఫైళ్లన్నీ వేరే దాంట్లోకి ఎక్కించేశాడు. కాంపౌండర్ గట్టిగా ఊపిరి పీల్చుకుని, ఇక తిట్టించుకోవడానికి సిద్ధపడి కోడలి వైపు తిరిగాడు.

ఆవిడ తిట్టడంలేదు. చార్టు చివర, రోగి గురించి వేరే సంగతులేమైనా ఉంటే రాసే గడి ఒకటుంటుంది. ఆవిడ అది చదువుకుంటోంది. మూడో తారీకు: మూడింటిదాకా అన్నం తినలేదు. ఏడో తారీకు: కళ్లు ఎర్రబడ్డాయి. పన్నెండు: మెడ పట్టేసినట్టుంది, అడిగితే లేదంది. పంతొమ్మిది రోజులూ ఆ గడిలో లాప్‌టాప్ గురించి ఒక్క ముక్క లేదు.

ఆవిడ చివరి తారీకు దాకా చదివింది. తర్వాత కాగితాలు జాగ్రత్తగా మడిచి తన బ్యాగులో పెట్టుకుంది.

"రేపట్నుంచి సెల్సియస్‌లో రాయండి" అంది. "ఆ చివరి గడి మాత్రం మార్చకండి."

కాంపౌండర్ తల వంచుకుని కూర్చున్నాడు. పోస్ట్‌మాన్ లేచి సైకిలు స్టాండు తీస్తూ, ఊరుకోలేక, "మరైతే ఆ గాల్లోకి లేవడం కూడా ఉత్తదేనా కాంపౌండర్ గారూ?" అన్నాడు.

ఆయన తలెత్తలేదు. కోడలు పక్కన బల్ల మీద కూర్చుని, టీ కొట్టాయనకి రెండు టీలు చెప్పి, పోస్ట్‌మాన్ వైపు తిరిగింది.

"సీలింగు దాకా అంటే నేనూ ఒప్పుకోను" అంది. "కానీ బెత్తెడు లేచిందండీ. నా కళ్లతో చూశాను."