పై పోర్షన్

కుక్కల్ని గొలుసు విప్పి వదిలే పార్కది, బెంజ్ సర్కిల్‌కి దగ్గర్లో. రెండు కుక్కలు ఒకే గిన్నెలో నీళ్ళు తాగుతున్నాయి. తెచ్చినావిడా, తెచ్చినాయనా పక్కనే నిలబడ్డారు.

"మీదేం బ్రీడండీ?"

"వీధికుక్కేనండీ. మంగళగిరి బస్టాండులో దొరికింది."

"అయితే ఏంటండీ! మా బ్రూనోకి అలాంటి పట్టింపుల్లేవు. మీరుండేదెక్కడ?"

"అద్దిల్లు వెతుకుతున్నామండీ. దొరకట్లేదు."

"కుక్కుందనా?"

"కుక్కొక్కటే కాదులెండి."

"మా పై పోర్షన్ ఖాళీయేనండీ. కుక్కల్ని పెంచేవాళ్ళు మంచోళ్ళని మావారంటారు. ఇంతకీ మీ ఇంటిపేరేంటి?"

"పోయినేడు మీ గేటు దగ్గరే చెప్పానండీ. వినగానే, పొద్దున్నే ఎవరికో ఇచ్చేశామన్నారు."

ఆవిడ కుక్క గొలుసు చేతిలోకి తీసుకుంది.

"గుర్తొచ్చానాండీ?"

"బ్రూనో! ఇటు రా. ఆ గిన్నెలో తాగొద్దు."