చివర నిలబెట్టిన అమ్మాయి

ఒహాయోలో పెళ్లి విందు. పెళ్లి జరిగేటప్పుడు పెళ్లికొడుకు పక్కన నిలబడ్డ స్నేహితులంతా పెద్ద బల్ల దగ్గర కూర్చున్నారు. వాళ్లలో ఒకడైన వెస్లీతో వచ్చిన అమ్మాయి, మూలబల్ల దగ్గర పెళ్లికొడుకు నాయనమ్మకు దొరికింది.

"ఇందాక స్నేహితుల ఫొటోలో అంత చివరకెళ్లి నిలబడ్డావేమ్మా?"

"ఫొటోగ్రాఫరే నిలబెట్టాడు మామ్మగారూ. రేపు మేం విడిపోతే ఫొటోలోంచి నన్ను కత్తిరించడం తేలికట."

"హవ్వ! వెస్లీ ఏమన్నాడు?"

"నవ్వి, టై సర్దుకున్నాడు."

"ఎన్నాళ్లుగా కలిసి ఉంటున్నారు?"

"ఐదేళ్లు. కుక్కని కూడా పెంచుతున్నాం. 'ఈమె నా మనిషి' అని ఒక్క మాటంటే అతని సొమ్మేం పోయేది?"

"లే. ఇప్పుడు మా కుటుంబం ఫొటో. నడిమధ్య, నా కుర్చీ పక్కన నిలబడు. నన్ను కత్తిరించే మొనగాడు ఇంకా పుట్టలేదు."

"అయ్యో, వెస్లీ నాకోసం వెతుక్కుంటాడేమో!"

"వెతుక్కోనీ. వచ్చాక వాణ్ణి చివర నిలబెడదాం."