పథ్యం విడుపు

మార్కాపురంలో పలకల గనుల వైపు పోయే దారిలో జమాలుద్దీన్ ఇల్లు. బతుకంతా పొట్టేళ్ళు కోసిన చెయ్యి ఆయనది. అంతకు రెట్టింపు కోతలు కోసిన నోరు. ఇప్పుడు దుకాణం కొడుకుది, కోతలు మాత్రం ఇంకా ఆయనవే. పెరట్లో కుంపటి రాజేసి కూచున్నాడు. ఎదురుగా ఆదినారాయణ, పిలుపుకు అల్లుడు, త్రిపురాంతకం పక్క పల్లె నుంచి బస్సెక్కి వచ్చి, గుడ్డలో చుట్టిన పొట్టేలు తొడ ఒళ్ళో పెట్టుకుని. వంటింటి గడపలో ఫాతిమాబీ.

“మళ్ళీ చెప్పు అల్లుడా. మొదట్నుంచి చెప్పు. ముసలి చెవులు, సరిగా వినపళ్ళా.”

“పథ్యం ఎత్తేసినారు మామా.”

“ఉప్పు?”

“తినొచ్చు.”

“నీళ్ళు?”

“తాగొచ్చు.”

“కొలత లేకుండా?”

“లేకుండా.”

“ఫాతిమా! ఇట్రా! మన ఆదినారాయణకు పథ్యం ఎత్తేసినారంట! మూడేండ్లు ఉప్పు నాలిక్కి తగలనీకుండా, నీళ్ళు సీసా మూతతో తాగించినారు గదే!”

“వింటానే ఉండా జీ. మీ అరుపుకు వీధంతా వినింది. నాయనా ఆదినారాయణా, ఇయ్యాల నీ డయాలిసిస్ దినం గదా? పోలేదా?”

“డాక్టరమ్మోళ్ళు రావద్దన్నారు అత్తా.”

“రావద్దన్నారా? ఎందుకు...”

“ఎందుకేందే! కిడ్నీ బాగైతే ఇంక మిషనెందుకు? కామెర్లోడు పసరు తాగి పథ్యం ఉంటాడు. తగ్గినాక ఏం చేస్తారు? తలంటి పోసి, కోడిని కోసి, పథ్యం విడుపు చేస్తారు. ఇదీ అంతే. ఏం అల్లుడా, అంతేనా?”

“తొడ బరువుగా ఉంది మామా. ముందు దీని సంగతి చూడు.”

“ఇట్లియ్యి. అబ్బ, లేత గడ్డి తిన్న తొడ ఇది. నీ మందలోదేనా?”

“నల్లమూతిది. ఇదే ఆఖరిది.”

“ఆఖరంటావేంది, నోరు కడుక్కో! బాగైనోడివి, మళ్ళీ మంద కట్టవా? సరే, ఎట్ల కొయ్యమంటావు? కూర ముక్కా, కైమానా?”

“స్టేకు.”

“టేకా? ఫారెస్టోళ్ళు పట్టుకుంటారు రా!”

“టేకు కాదు మామా, స్టేకు. ఎముక లేకుండా, అరచేయంత వెడల్పు, బొటనవేలంత మందం బిళ్ళ. నిప్పుల మీద కాల్చి, పైన మసాలా వెన్న పెట్టుకుని తింటారు తెల్లోళ్ళు.”

“నువ్వెప్పుడు పోయినావు తెల్లోళ్ళ దేశానికి?”

“మిషన్ మంచం మీద పండుకునే పోయినా. ఒంట్లో నెత్తురంతా బయటికి పోయి, కడుక్కుని మళ్ళీ వచ్చేదాకా మాకేం పని? ఉప్పు తినగూడదు, పండు తినగూడదు, నీళ్ళు తాగగూడదు. అందుకని మంచాలోళ్ళందరం ఫోన్లలో తిండి వీడియోలే చూసేది. పక్క మంచం శ్యాంసన్ చూపించినాడు ఇది. చూసిందే చూసినాం, పాఠం చదివినట్టు.”

“శ్యాంసనంటే ఆ కురిచేడు మేస్త్రీ గదా? ఎట్లుండాడు?”

“ఆయన మంచం మీద ఇప్పుడు వేరేవాళ్ళు ఉండారు.”

“ఓహో, ఆయనా బాగై పోయినాడా!”

“పోయినాడు.”

“మంచిది, మంచిది! ఒకరి తర్వాత ఒకరు ఇంటికి పోతాండారు. వినపడిందా ఫాతిమా?”

“వినపడింది.”

“అట్ల ముఖం మాడ్చుకుంటావేంది? పో, అల్లం వెల్లుల్లి నూరు. పసుపు తీసకరా.”

“అవేం వద్దు అత్తా. గుడ్డతో తడి లేకుండా తుడిచి, రెండు పక్కలా ఉప్పు, కచ్చాపచ్చా మిరియాల పొడి. అంతే.”

“పసుపు లేకుండా మాంసమా! మా నాయన బతికుంటే నిన్నూ నన్నూ కలిపి నరికేసేవాడు.”

“వెన్న మాత్రం ఇంట్లోనే చేసుకొచ్చినా. ఈ గిన్నెలో ఉంది. నాగేంద్రమ్మ బర్రె పెరుగు చిలికి తీసి, వెల్లుల్లి, కొత్తిమీర, పచ్చిమిరక్కాయ సన్నగా తరిగి, నిమ్మకాయ పిండి కలిపింది. రాత్రంతా ఫ్రిజ్‌లో పెట్టింది. అత్తా, కరిగిపోకముందే మీ ఫ్రిజ్‌లో పెట్టు.”

“వాసన బాగుంది నాయనా. నీ పెండ్లాం కూడా రాలేదేంది?”

“త్రిపురాంతకంలో గుడికి పోయింది. పని చూసుకుని మధ్యాహ్నం బస్సుకు ఇటే వస్తాది. ఒక బిళ్ళ ఆమెకు ఉంచాల.”

“ఉంచుతాం లేరా! చూసినావా ఫాతిమా, వెన్నేమో వాళ్ళ కృష్ణుడిది, మాంసమేమో మన కసాయిది. ఇంత ఐకమత్యం ఏ మీటింగులోనన్నా ఉందా? ఇదిగో, కోసినా. ఇంత మందం చాలునా?”

“చాలు మామా. తెల్లోడు కూడా ఇంత సాఫీగా కొయ్యలా.”

“వాడికేం తెలుసు. నా కత్తి పదును చూసి, పొట్టేళ్ళు వాటంతట అవే క్యూలో నిలబడేవి, నాకంటే ముందు నాకని. ఇనప జాలీ పెట్టు నిప్పుల మీద. కాదంటే పలకరాయి పెడదామా? రాయి మీద మాంసం కాలితే ఆ రుచే వేరు. ఆ యేడు ఎండలు నీకు జ్ఞాపకం ఉండవు, పిల్లోడివి. గనికాడ పలకరాయి మీద ఒక పొట్టేలు కునుకు తీసింది. గొర్రెలాయన మంచినీళ్ళకు పోయి వచ్చేసరికి ఒకపక్క కమ్మగా కాలి ఉంది. ఆయన ఉప్పు మిరియం చల్లుకుని ఆ పక్క తినేసినాడు. రెండో పక్క లేచి మేతకు పోయింది.”

“ఒకపక్క కాళ్ళు లేకుండా ఎట్ల పోయింది మామా?”

“గోడకు ఆనుకుని.”

“నవ్వించొద్దు మామా... ఆయాసం వస్తాది... ఉండు...”

“బాగైనోడికి ఆయాసమేందిరా?”

“బస్సులో నిలబడి వచ్చినా గదా. అందుకు.”

“కాళ్ళు చూడండి జీ. ఎట్ల ఉబ్బినాయో చూడండి.”

“బస్సులో నిలబడి వచ్చినాడంటాండాడు గదే! నువ్వు పోయి ఉప్పు తీసకరా. ఆ... ఇదిగో. ఎంత వెయ్యాల అల్లుడా? చిటికెడా?”

“ఎత్తు నుంచి చల్లాల. చెయ్యి పైకెత్తి, వాన పడినట్టు.”

“ఇంతనా?”

“ఇంకా.”

“ఒరే, ఇది సముద్రమైపోతాది.”

“ఇంకొంచెం మామా. మూడేండ్లది గదా.”

“ఇంక చాలు ఆపండి! ఆ పిల్లోడు అడిగితే మాత్రం మీకు బుద్ధుండొద్దా?”

“డాక్టరమ్మే తినమంటే నీకేందే నొప్పి? చూడు, చూడు, జాలీ మీద వేస్తాండా... విన్నావా ఆ చుయ్యిమనేది! వానకు రేకుల కప్పు మోగినట్టు!”

“కదిలించొద్దు మామా. ఒక పక్క బాగా కాలినాక ఒక్కసారే తిప్పాల. ఊరికే పొడిస్తే రసం పోతాదంట.”

“నాకు నేర్పుతాండాడు చూడు! సరే, సరే. అల్లుడా, ఇంక వినుకో. శివరాత్రికి శ్రీశైలం నడిచి పోదువుగాని. నేనూ దోర్నాల దాకా నడుస్తా, ఆడ్నుంచి నువ్వు నన్ను మోసుకుపో.”

“పోదాం మామా.”

“వానలు పడినాక మంచి ఈత గొర్రెలు చూసి పెడతా. గిద్దలూరు సంతలో నా మాటకు ఎదురుండదు.”

“చూడు మామా.”

“ఏంది, అన్నిటికీ తలూపుతాండావు? గంగిరెద్దుతో మాట్లాడినట్టుంది.”

“నువ్వు చెప్తాంటే వినబుద్ధైతాంది. ఇంకా చెప్పు. గొర్రెలు తెచ్చినాక?”

“తెచ్చినాక ఏముంది, అవి ఈనతాయి. ఒక్కోటి మూడేసి పిల్లలు. ఊరు చాలక, నల్లమలను అద్దెకు అడుగుతాం. ఇదిగో, తిప్పినా. మంచి రంగొచ్చింది.”

“ఇంక తీసెయ్యి మామా. లోపల కొంచెం ఎర్రగా ఉండాల.”

“నెత్తురు ఉంటే నేను ముట్టను. నీది తీస్తా. నాది తోలుచెప్పు మాదిరి గట్టిపడేదాకా ఉంచుతా.”

“దాని మీద వెన్న పెట్టు అత్తా. ఆ, అంత బిళ్ళ. ఇప్పుడు కోయగూడదు. ముక్కకు కాసేపు విశ్రాంతి ఇయ్యాలంట.”

“చచ్చినాక విశ్రాంతేందిరా?”

“అప్పుడే గదా మామా దొరికేది.”

“మాటలు నేర్చినావు! చూడు ఫాతిమా, వెన్న ఎట్ల జారుతాందో, పెండ్లికూతురు సిగ్గుపడినట్టు. ఇంక తిను అల్లుడా, ఇట్ల పెద్ద ముక్క నోట్లో పెట్టుకో. ఎట్లుంది?”

“ఉప్పు తెలిసింది మామా.”

“మాంసం?”

“మాంసం తెలీలా. నోరంతా ఇనుము నాకినట్టు ఉంటాది ఈమధ్య. ఉప్పు మాత్రం తెలిసింది. అత్తా, మంచినీళ్ళు. చెంబు నిండా.”

“ఇస్తా. ఇచ్చే ముందు నా ముఖం చూసి చెప్పు నాయనా. డాక్టరమ్మ ఏమన్నది? మీ మామకు చెప్పింది కాదు. ఆమె నోట్లోనుంచి వచ్చిన మాట చెప్పు.”

“తినేవాణ్ణి తిననియ్యవే!”

“మీరు ఉండండి. చెప్పు నాయనా.”

“సూది పెట్టే నరం మూసుకపోయింది అత్తా. రెండో చేతిది ఎప్పుడో పోయె. మెడకాడ పైపు వేస్తే చీము పట్టింది. గుండె కూడా ఉబ్బిందంట. ఇంక మిషన్ ఎక్కించడానికి ఒంట్లో దారి లేదన్నారు.”

“మరి పథ్యం ఎత్తేసినారంటివి?”

“నన్ను బయట బల్ల మీద కూచోబెట్టి, నాగేంద్రమ్మను లోపలికి పిలిచింది డాక్టరమ్మ. తలుపు సందులో నాకూ వినపడింది. ‘ఇంటికి తీసుకుపో అమ్మా. ఏం అడిగితే అది చేసి పెట్టు’ అనింది.”

“యా అల్లా...”

“ఫాతిమా, కుంపట్లో బొగ్గు అయిపోయింది. పోయి తీసకరా.”

“నిండుగా ఉంది జీ.”

“అయిపోయిందంటే అయిపోయింది! పో!... ఒరే, గుంటూరు పోదాం. కర్నూలు పోదాం. నా దగ్గర మాంసం కొనని డాక్టరు ఉండాడా ఈ చుట్టుపట్ల?”

“ఫోన్లో రెండు చోట్లా అడిగింది మామా డాక్టరమ్మ, పాపం. ఆడోళ్ళూ అదే మాట.”

“వాళ్ళకేం తెలుసు! నీళ్ళు... నీళ్ళు తాగు. కాదు, తాగొద్దు. తాగు.”

“తాగుతా. నువ్వు కూచో మామా, జాలీ మీద నీ ముక్క మాడతాంది.”

“ఇదంతా తెలిసి, నన్ను గొర్రెలు కొనమన్నావు. శ్రీశైలం పోదాం అన్నావు.”

“అనింది నువ్వే మామా. నేను విన్నా, అంతే.”

“మరి నాగేంద్రమ్మ? ఆమె ఎట్ల తట్టుకుంటాంది?”

“ఆమెకు తెలీదు.”

“తెలీదేంది? డాక్టరమ్మ ఆమెతోనే గదా చెప్పింది?”

“ఆ మాట ఆమెకు నువ్వనుకున్నట్టే అర్థమైంది మామా. ‘ఏం అడిగితే అది పెట్టు’ అంటే బాగైనట్టే గదా అనుకునింది. గబగబా బయటికి వచ్చి, అందరి ముందర నా చెయ్యి పట్టుకుని ‘పథ్యం ఎత్తేసినారయ్యా’ అని నవ్వింది. పెండ్లైన కొత్తలో కూడా ఆమె అట్ల నవ్వింది నేను చూడలా. బస్సులో పక్కన కూచున్నోళ్ళందరికీ చెప్పింది. ఇంటికి పోయి కాళ్ళు కూడా కడుక్కోకుండా కవ్వం పట్టింది.”

“గుడికి ఎందుకు పోయింది?”

“మొక్కు. నాకు బాగైతే అమ్మవారికి తలనీలాలు ఇస్తానని మొక్కుకుందంట. నాకూ చెప్పలా ఇన్నాళ్ళు. గుండు చేయించుకుని, గంధం పూసుకుని మధ్యాహ్నం బస్సులోంచి దిగుతాది.”

“అయ్యో నా తల్లీ... ఆపలేదారా నువ్వు?”

“నోరు తెరిచినా మామా. పొద్దున్నే వెన్న గిన్నె నా చేతిలో పెట్టి, ‘మామతో కలిసి తిను, నాకో ముక్క ఉంచు’ అని నవ్వతా నిలబడింది. మూసుకున్నా.”

“ఎట్లనో ఒకట్ల ఆమెకు చెప్పాల గదరా. ఎవురో ఒకరు చెప్పాల.”

“అందుకే పొట్టేలును కోయించుకుని నీ కాడికి వచ్చినా. నువ్వే చెప్పాల మామా.”

“నేనా! నా మాట ఏనాడన్నా నమ్మిందా ఆమె? పొద్దు తూర్పున పొడిచిందని నేను చెప్తే, బయటికి పోయి చూసొచ్చే మనిషి గదరా!”

“అందుకే మామా. నేను చెప్తే నమ్మేస్తాది.”